ఆ కుర్చీ ఏ యేటిది?

షేకర్ల కుర్చీకి కొలతల బొమ్మలు వెతికి పట్టుకుని, వాటి ప్రకారం ఇవాళ ఒక వడ్రంగి కుర్చీ చేస్తే అది షేకర్ల కుర్చీ అవుతుందా? కాదనడం తేలిక. పాతదానికి వేలంపాటలో పలికే ధరే ఆ మాట చెబుతుంది. అయితే ధర చెప్పేది కొనేవాడి మనసు. చేసినవాళ్ల మతం ఏం చెప్పిందన్నది వేరే సంగతి. నన్నడిగితే, ఈ ఒక్క సంప్రదాయంలో మాత్రం పాత కుర్చీని దాచుకునేవాడి కంటే నకలు చేసేవాడే మూలానికి దగ్గరివాడు.

1774లో ఆన్ లీ వెంట ఇంగ్లండు నుంచి అమెరికా చేరిన చిన్న గుంపుతో మొదలైంది షేకర్లనే ఈ క్రైస్తవ శాఖ కథ. ఆరాధనలో ఊగిపోయేవారు కనుక ఆ పేరు. బ్రహ్మచర్యం, ఉమ్మడి ఆస్తి వాళ్ల పద్ధతి; పని కూడా వాళ్లకు పూజే. ఫలానావాడి చేతి పని అని తర్వాతివాళ్లకు తెలిసేలా వస్తువు మీద పేరు రాయకూడదని 1845 నాటి వాళ్ల నియమావళి శాసించింది. ఒట్టి సోకు కోసం పెట్టే నగిషీలూ వద్దంది. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ లెబనాన్‌లో చేసిన కుర్చీ చూడండి: తరిమెన పట్టిన సన్నటి కాళ్లు, వీపుకు అడ్డపట్టీలు, కూర్చునేచోట మన నవారు మంచంలా అల్లిన బట్ట పట్టీ. కొన్నిటికి వెనక కాళ్ల అడుగున గుంటలో తిరిగే చిన్న కర్ర గుండు ఉంటుంది, వెనక్కి వాలినా నేల గీసుకోకుండా. దాని లోహపు రూపానికి 1852లో ఒక షేకర్ తన పేరు మీదే పేటెంటు తీసుకున్నాడనుకోండి. నియమానికీ నడతకూ ఆ మాత్రం ఎడం ఏ మఠంలోనైనా ఉంటుంది. మొత్తం మీద ఆ రూపం ఒక్కడి సొత్తు కాదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అప్పగించడానికి పుట్టింది. అసలు వస్తువులను కొలిచి ఎయినర్ హాండ్‌బెర్గ్ 1973 నుంచి పుస్తకాలుగా వేసిన బొమ్మలు చేసిందీ ఆ అప్పగింతే.

మరి షేకర్లే తమ కుర్చీల కేటలాగుల్లో నకిలీలున్నాయి జాగ్రత్త, మా బంగారు రంగు ముద్ర చూసి కొనండి అని హెచ్చరించారు కదా? నిజమే, అందులో వ్యాపారం లేదనను. కానీ వాళ్ల అభ్యంతరం కుర్చీ రూపం మీద కాదు, అది షేకర్లు చేసిందని చెప్పే అబద్ధం మీద. ఈ తేడా తెలియాలంటే ఇంకో కుర్చీ కథ చూడాలి. ప్లిమత్ వలసదారుల పెద్ద విలియం బ్రూస్టర్ పేరుతో చలామణీ అయ్యే 17వ శతాబ్దపు కుర్చీల తరహాలో, రోడ్ ఐలండ్ శిల్పి ఆర్మాండ్ లామోంటేన్ 1969లో ఒకటి చేసి, కావాలనే ముసలిదాన్ని చేశాడు. నిపుణులను పరీక్షిద్దామని అతని పంతం. హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,000 డాలర్లకు దాన్ని కొనేసింది. 1977లో అతనే బయటపెట్టాక ఎక్స్‌రే తీస్తే, బెజ్జాల అడుగున కొత్తకాలపు డ్రిల్ బిట్ ఆనవాలు కనిపించింది. కుర్చీ మారలేదు, పనితనమూ తగ్గలేదు. దాని పుట్టుక గురించి నమ్మిన మాట ఒక్కటే కూలింది.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. కొలతలు ఒళ్లును మాత్రమే ఇస్తాయి, విశ్వాసాన్ని ఇవ్వవు. పూరీలో నవకళేబరం నాడు కొత్త కొయ్య విగ్రహాల్లోకి పాతవాటి నుంచి బ్రహ్మపదార్థం చేరుస్తారు. కాగితం మీది బొమ్మలోంచి అలాంటిదేదీ దాటిరాదు. ఒప్పుకుంటాను. అయితే మ్యూజియంలో తాడు వెనక ఉన్న పాత కుర్చీలో మాత్రం ఏం మిగిలింది? దాని మీద ఎవరూ కూర్చోరు, దాని ముందు ఎవరూ పని చేయరు. బొమ్మ ముందు పెట్టుకున్న వడ్రంగి కనీసం కుసి బెజ్జంలో బిగిసేదాకా ఇంకొకరి కొలతకు లోబడతాడు. కాలికి ఇంకో వంపు పెడితే బాగుంటుందనిపించినా పెట్టకుండా ఆగుతాడు. షేకర్లు కోరిన అణకువకు అది దూరపు చుట్టమైనా అవుతుంది. చిక్కల్లా చివరికి వస్తుంది: రేపెవరూ మోసపోకుండా సీటు కింద గుర్తు పెట్టాలి, పేరు రాస్తే ఆ నియమం తప్పినట్టు. చేసిన ఏడాది మాత్రం కాల్చి ముద్ర వేస్తే సరిపోతుంది.