సిలువ యొద్ద ఒక తల్లికి దొరికిన యిల్లు

(ధ్యానమునకు: యోహాను 19:25–27, యిర్మీయా 32:6–15, సంఖ్యాకాండము 27:1–11)



మన రక్షకునికి ఆస్తి యేమియు లేదు. ఆయన ఒంటిమీది బట్టలను సైనికులు పంచుకొనిరి, కుట్టులేని అంగీకొరకు చీట్లు వేసికొనిరి. వీలునామా వ్రాయుటకు ఆయనకు సెంటు నేలయైనను లేదు. అయినను ప్రాణము పోవుచున్న వేళ ఆయన ఒక యేర్పాటు చేసెను. తల్లిని ప్రియశిష్యునికి అప్పగించెను, శిష్యుని ఆమెకు కుమారునిగా చూపెను. ఆ దినము మొదలుకొని ఆమెకు నిలువనీడ అతని గృహమే అయ్యెను. లోకమంతటి పాపభారమును మోయుచున్నవాడు, తన తల్లి రేపు ఎవరింట అన్నము తినును అను సంగతిని చిన్నదిగా ఎంచలేదు. ఆ మాట ఆయన చాటుగా చెప్పలేదు. అక్కడ నిలిచినవారందరు వినునట్లు చెప్పెను.

ఇది వ్రాయుటకు కారణము ఒక తల్లియే. ఆళ్లగడ్డ తట్టు పల్లెనుండి వచ్చు ఒక విధవరాలు, మొన్నటి ఆదివారము ఆరాధన ముగిసి అందరును వెళ్లువరకు గోడప్రక్కను కూర్చుండెను. తరువాత కొంగుచాటునుండి ప్లాస్టిక్ కవరులోని కాగితములు తీసి, "అయ్యగారూ, ఒక్క మాట అడగల్ల. ఆ ఇల్లు ఇంకా నాదేనా, కాదా?" అనెను.

ఆమె పేరనే స్థలము కొని, ఆమె భర్త ఒక్కొక్క రాయి పేర్చి కట్టిన యిల్లు అది. ఆయన పోయిన తరువాత కుమారుడు, "అప్పు పుట్టాలంటే ఇల్లు నా పేరున ఉండల్ల" అని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసికొనిపోయెను. ఆమె వ్రేలిముద్ర వేసెను. ఇప్పుడు ఆమె పడక వసారాలో, ఆమె పళ్లెము వేరుగా. "కొట్టలేదు అయ్యగారూ, తిట్టలేదు. పలకరించేదే మానుకున్యాడు" అని చెప్పి, ఆ మాటకే కన్నీరు పెట్టుకొనెను.

నేను ఆ దస్తావేజును రెండుమారులు చదివితిని. ప్రేమాభిమానములచేత దానముగా ఇచ్చితినని యున్నది. నాలుగు హద్దులును సరిగా వ్రాయబడినవి: తూర్పున ఎవరి గోడ, పడమట ఎవరి దొడ్డి, ఉత్తరమున వీధి, దక్షిణమున కాలువ. కాలువకు దొరికిన చోటు ఆ కాగితములో తల్లికి దొరకలేదు. ఆమెను పోషింపవలెనన్న పంక్తి ఒక్కటియు లేదు.

ప్రియులారా, ఆ యొక్క పంక్తికి ఎంత బలమున్నదో మీరు తెలిసికొనవలెను. తల్లిదండ్రులయొక్కయు వృద్ధులయొక్కయు పోషణకై 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. దాని 23వ సెక్షను ప్రకారము, అరువది యేండ్లు నిండినవారు తమ కనీస అవసరములు చూడవలెనను షరతుతో ఆస్తిని వ్రాసియిచ్చియుండగా, పుచ్చుకొన్నవాడు ఆ మాట తప్పినయెడల, ఆ దస్తావేజు మోసముచేత పుట్టినదిగా ఎంచబడును, ట్రిబ్యునలు దానిని రద్దుచేయవచ్చును. షరతు ఉండితీరవలెనని 2022లో సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యెములో చెప్పెను. 2025 జనవరిలో ఆ న్యాయస్థానమే మరియొక తల్లి విషయమున, ఈ చట్టము వృద్ధుల మేలుకొరకు పుట్టినది గనుక విశాలముగా చదువవలెనని చెప్పి, ఆమె యిల్లు ఆమెకు మరల ఇప్పించెను. అయితే ఆ తల్లి పక్షమున, కుమారుడు పోషింతునని వ్రాసియిచ్చిన వేరొక పత్రము కనబడెను. మన సహోదరికి అట్టి చీటియైనను లేదు. ఇల్లు తప్పక తిరిగివచ్చునని నేను ఆమెకు వాగ్దానము చేయలేకపోతిని. కాపరి ఓదార్చుటకు అబద్ధమాడరాదు.

కాని పోషణ అడుగు హక్కు ఆమెకు పోలేదు. దస్తావేజు ఎట్లున్నను, కన్న పిల్లలనుండి జీవనాధారము కోరుచు ఆమె డివిజను అధికారియైన ఆర్.డి.ఓ. యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. దానికి ప్లీడరు అక్కరలేదు. నోటీసు అందిన తొంబది దినములలో విచారణ ముగింపవలెనని చట్టము చెప్పుచున్నది. నెలకు పదివేల రూపాయలకు మించకుండ పోషణ నిర్ణయింతురు. విచారణకు ముందు ఇరుపక్షములకు రాజీ కుదుర్చు అధికారియొద్దకు పంపుటకును వీలు కలదు.

తప్పిపోయిన కుమారుని కథలో మనము ఆ కుమారునే చూతుము, తండ్రిని ఒక సంగతిలో మరచిపోవుదుము. ఆయన బ్రతికియుండగనే ఆస్తి పంచియిచ్చెను. అయినను కథ చివర ప్రశస్త వస్త్రము తెమ్మని దాసులకు ఆజ్ఞ ఇచ్చినవాడు ఎవరు? ఆయనే. క్రొవ్విన దూడను వధింపుమన్నవాడును ఆయనే. పంచియిచ్చియు ఆయన యింటి యజమానుడుగానే యుండెను. అట్లు చేయుటకు మన చట్టములోను దారి యున్నది. దాన సెటిల్‌మెంటు వ్రాయునప్పుడు, తాను బ్రతికియున్నంతకాలము ఆ యింట కాపురముండి అనుభవించు హక్కు తనకే నిలుపుకొంటినని వ్రాసికొనవచ్చును. లేదా దానమే మాని వీలునామా వ్రాయవచ్చును. దానము రిజిస్టరైన దినమే చేయి దాటిపోవును. వీలునామా వ్రాసినవాడు కన్నుమూయువరకు దానికి ప్రాణము లేదు, ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును. ఉద్యోగ విరమణ చేసిన మన ఉపాధ్యాయులు గ్రాట్యుటీ సొమ్ము చేతికందిన నెలలోనే పిల్లలకు పంచి, పిదప మందులకు చేయి చాచుట నేను చూచితిని. అది ప్రేమయే, కాని జ్ఞానముతో కూడినది కాదు.

ఆళ్లగడ్డ శిల్పి రాతిమీద ఉలి మోపకముందు గీత గీయును. దెబ్బ పడిన తరువాత గీత గీయువాడు లేడు.

వీలునామా లేక చనిపోయినయెడల ఏమగును? క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. భార్యకు మూడింట ఒక వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా చెందును. సమానముగా అనగా కుమార్తెకును కుమారునికిని ఒక్కటే పాలు. "కట్నము ఇచ్చితిమి గదా" అను మాట నంద్యాలలో ఎన్ని పంచాయతీలలో వింటినో చెప్పలేను. సెలోపెహాదు కుమార్తెలైదుగురు మోషే యెదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యమును అడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమేయని దేవుడు తీర్పు చెప్పెను. తిరువాన్కూరు ప్రాంతమున క్రైస్తవ కుమార్తెకు 1916 నాటి శాసనము కుమారుని పాలులో నాలుగవ వంతుగాని అయిదువేల రూపాయలుగాని, ఏది తక్కువైతే అదియే ఇచ్చుచుండెను. మేరీ రాయ్ అను సహోదరి పోరాడగా 1986లో సుప్రీముకోర్టు ఆ అన్యాయమును తీసివేసెను. మన జిల్లాలో ఆ శాసనము లేదు. మనము మన మనస్సులలోనే దానిని కాపాడుకొనుచున్నాము!

ఈ చట్టములో మరియొక సంగతి కలదు. అది తెలిసిన దినమున నాకు నిద్ర పట్టలేదు. భార్యను పిల్లలను విడిచి ఒక కుమారుడు చనిపోయినయెడల, క్రైస్తవ వారసత్వములో అతని తల్లికి ఒక్క పైసా పాలు రాదు. భార్యకు, పిల్లలకు వచ్చును గాని, కని పెంచిన తల్లికి రాదు. విధవరాలైన కోడలికిని మామగారి ఆస్తిలో తన పేర పాలు లేదు, ఆమె పిల్లలకే కలదు. గనుక ముసలి తల్లిని పోషించుచున్న యౌవనస్థుడా, వీలునామా నీ తండ్రికే గాని నీకు కాదనుకొనకుము. సిలువమీద ముప్పది మూడేండ్ల ప్రాయములో తల్లికి ఏర్పాటు చేసినవాని శిష్యుడవు నీవు.

మన సంఘములలో అనేకులు ప్రభువు బల్లయొద్ద క్రైస్తవులు, కాగితములమీద హిందువులు. 1950 నాటి ఉత్తర్వువలన షెడ్యూల్డు కులపు హక్కు పోవునను భయమే దానికి హేతువని అందరికిని తెలియును. నేను ఎవరికిని తీర్పు తీర్చను. అయితే అట్టి యింట ఒకరు చనిపోయినప్పుడు ఏ చట్టము ప్రకారము పంచవలెనను తగవు లేచును. హిందూ వారసత్వములో తల్లికి పాలు కలదు, మన దానిలో లేదు. రెంటిలోను కుమార్తెకు పాలు కలదు. స్పష్టమైన వీలునామా యున్న యింట ఈ తగవు చాలవరకు అణగిపోవును.

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు. తెలుగులో తెల్లకాగితముమీద వ్రాసినను చెల్లును. వ్రాసినవాడు సంతకముగాని వ్రేలిముద్రగాని వేయవలెను, అది చూచిన సాక్షులిద్దరు అతని యెదుట సంతకము చేయవలెను. పాలు పొందువాడుగాని వాని భార్యగాని సాక్షిగా నుండరాదు, ఉన్నయెడల వానికి వ్రాసిన పాలు చెల్లదు. వీలునామా వ్రాసిన తరువాత పెండ్లి చేసికొన్నయెడల క్రైస్తవుని వీలునామా రద్దగును, మారుమనువు చేసికొన్నవారు దీనిని మరువకూడదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని మేలు. బ్యాంకులో నామినీగా పేరున్నవాడు సొమ్ము పుచ్చుకొనువాడే గాని దానికి సొంతదారుడు కాడు.

యిర్మీయా అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొన్నప్పుడు, సాక్షులను పిలిపించెను, వెండి తూచెను, ముద్రవేసిన ప్రతిని, ముద్రలేని ప్రతిని బారూకుకు ఇచ్చి మట్టికుండలో దాచించెను. అప్పుడు పట్టణము చుట్టు శత్రువులు దిగియుండిరి! ప్రవచించు నోటితోనే ఆయన దస్తావేజు సంగతి పలికెను. నేడును జిల్లా రిజిస్ట్రారు యొద్ద ముద్రవేసిన కవరులో వీలునామాను భద్రపరచుటకు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము వీలు కల్పించుచున్నది. మన కాగితములో, ట్రంకుపెట్టెలో చీరల అడుగున చెదలు తినుచున్నవి.

మందిరమునకు వ్రాయగోరువారికి ఒక మాట. దగ్గర బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యములకు వ్రాయు వీలునామా, మరణమునకు పండ్రెండు నెలలు ముందే వ్రాయబడియుండవలెనని 118వ సెక్షను అడ్డుపెట్టెను. 2003లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. గనుక దారి తెరవబడియున్నది. అయితే తల్లిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి ఎగగొట్టిన పరిసయ్యులను ప్రభువు ఎట్లు గద్దించెనో మార్కు ఏడవ అధ్యాయములో చదువుడి. ఆకలిగొన్న తల్లిని వసారాలో ఉంచి వేయించిన మందిరపు గచ్చుమీద నేను మోకరింపజాలను.

ఆ సహోదరికి ఈ సంగతులన్నియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "కన్న కొడుకు మీద కాగితం పెట్టేదా అయ్యగారూ? ఊర్లో ఏమనుకుంటారు?" అనెను.

"అమ్మా, అన్నము అడుగుట పాపము కాదు" అంటిని. "న్యాయాధిపతియొద్దకు మాటిమాటికి వెళ్లిన విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు గదా."

"అయితే ముందు మీరు ఒకసారి వాని కాడికి రాండి. మీ మాట వింటాడేమో సూద్దాం. వినకపోతే ఆ అర్జీ మీరే రాసియ్యల్ల" అనెను.

ఈ శనివారము సంఘపెద్ద ఒకరితోకూడ నేను ఆ పల్లెకు వెళ్లుచున్నాను. నంద్యాలలోనున్న ఆమె కుమార్తెయు వచ్చునని కబురు చేసెను. అర్జీ వ్రాసి నా బైబిలులో పెట్టుకొంటిని, తారీఖు మాత్రము వేయలేదు. ఆ యింటికొరకు ప్రార్థన చేయుడి.