భయమునకు లొంగిన మౌనము దోషమా?

తెలుగున 'భయభక్తులు' అను జంటపదము కలదు. గురువు నెడ, దైవము నెడ భయభక్తులతో మెలగవలెనని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. వాడుకలో ఇంతగా కలిసిపోయిన ఈ రెండును స్వభావమున మాత్రము పరస్పర విరుద్ధములు. భక్తి మనిషిని సాటివాని చెంతకు చేర్చును. భయము సాటివాని నుండి దూరము చేయును. శివశరణులు సంఘమును భక్తిపై నిలుపజూచిరి. భయముపై నిలుపజూచినవారును చరిత్రలో తక్కువ కారు. ఊరు భయమునకు లోబడినప్పుడు నోరు మెదపక ఊరకున్నవాడు దోషియా, నిర్దోషియా అనునది ఇచ్చట విచార్యము. ఇది గ్రంథములకు పరిమితమైన ప్రశ్న కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల వృద్ధులు ఒక్క జీవితకాలమున పలుమార్లు ఎదుర్కొన్న ప్రశ్న.

నిజాము ఏలుబడిలో ఈ ప్రాంతపు పల్లెలయందు భయమునకు నివాసము దొర గడి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు కూలి లేకయే గడికి వెట్టిచాకిరి చేయవలసియుండెను. కాయకమును పూజతో సమానముగా నెంచిన బసవేశ్వరుని ధర్మమునకు ఇంతకంటె విరుద్ధమైనది వేరొకటి లేదు. 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అను మాట వినయమున పుట్టినది కాదు, భయమున పుట్టినది. దొర ప్రతిదినము అందరిని దండింప నక్కరలేదు. గడి ముంగిట ఒక్కని కట్టి కొట్టించిన చాలును. చూచినవారందరు ఇండ్లకు పోయి తలుపులు మూసికొందురు. కొద్దిమంది పెక్కుమందిని ఏలుటకు తొలి సూత్రమిదియే.

దొర నేర్పిన ఈ పాఠము దొరతో ముగియలేదు. 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడైన కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు సంస్థానమంతట చెలరేగిరి. వారి చేతలలో ఒకటి ప్రత్యేకముగా గమనింపదగినది. 1948 ఆగస్టులో హైదరాబాదు నగరమున 'ఇమ్రోజ్' అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురయ్యెను. అతడును ముస్లిమే. సంస్థానము భారత యూనియనులో చేరవలెనని వ్రాయుటయే అతని నేరము. తీవ్రవాదము పరులను బెదిరించుటతో తృప్తిపడదు. తనవారిలో భిన్నముగా పలుకు నోటిని మూయింపనిదే దానికి నిద్రపట్టదు.

ఆ సంవత్సరము సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించి ఐదు దినములలో ఆ పాలనను అంతమొందించెను. అయినను భయము అంతరింపలేదు, ఇల్లు మారెను. పెక్కుచోట్ల రజాకార్ల పాపమునకు నిరపరాధులైన ముస్లింలు బలియైరి. దీనిని విచారించుటకు ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము మిక్కిలి నష్టపడిన జిల్లాలలో బీదరును పేర్కొనెను. బసవన్న కార్యక్షేత్రమైన కల్యాణము ఆ జిల్లాలోనిదే యని తలచినపుడు మనస్సు చివుక్కుమనును.

గడుల పెత్తనము మాత్రము మరి ముప్పదియేండ్లు నిలిచెను. 1978లో రైతుకూలీ సంఘములు వెట్టిని ధిక్కరించెను. పల్లెలయందు దొరలకు చాకలి, మంగలి సేవలు నిలిచిపోయెను. సెప్టెంబరులో వేలాది జనులు జగిత్యాలకు ఊరేగింపుగా తరలివచ్చిరి. ఇచ్చట న్యాయము తప్పక చెప్పవలయును. భయమును పోగొట్టుదుమని వచ్చినవారి మాట ఆనాడు అసత్యము కాదు. తలవంచిన మనిషి తల యెత్తెను. నిజమైన గాయము లేనిచోట ఏ ఉద్యమమును వేరూనదు.

అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పల్లెలలో పోలీసు శిబిరములు వెలసెను. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడెను. క్రమముగా సంఘము వెనుకబడి తుపాకి ముందునకు వచ్చెను. అప్పుడు 'ఇన్‌ఫార్మరు' అను మాట పల్లె నోట పడెను. ఆ మాటకు నిర్వచనము లేదు. ఆ నిందపై అప్పీలు చేసికొనుటకు న్యాయస్థానము లేదు. గట్టు తగాదాలును, పాత పగలును ఆ మాట చాటున దాగుకొనుటకు చోటు దొరకెను. ఇటు రాత్రి దళమునకు అన్నము పెట్టుట నేరము, అటు పగలు పోలీసులకు బదులు చెప్పుట నేరము. ఎన్‌కౌంటరు అను పేర వచ్చు మరణమునకును సాక్షులు లేకుండిరి. రెండు భయముల నడుమ పల్లె మూగవోయెను.

ఈ మూగతనమే భయపాలనకు అసలు బలము. ప్రతివాడును లోలోపల అన్యాయమని తలచును. పైకి ఎవ్వరును అనకపోవుటచే తక్కినవారందరు సమ్మతించిరని భ్రమించును. 'నలుగురు' అనగా తెలుగువానికి లోకము. నింద మోపబడి చంపబడినవాని పాడె మోయుటకు ఆ నలుగురు రాని దినమున ఊరిలో ఇండ్లు మిగులును గాని ఊరు మిగులదు.

ఇక మొదటి ప్రశ్న. మౌనము వహించినవాడు పాపములో భాగస్వామియే యని కొందరందురు. ప్రాణభీతి సహజము గనుక దోషమే లేదని మరికొందరందురు. రెండును తొందరపాటు తీర్పులే. మెడపై కత్తి యున్నవానిని వీరుడవు కమ్మని శాసించు హక్కు దూరమున సుఖముగా నున్నవానికి లేదు. కాని మౌనములన్నియు ఒక్కటి కావు. ఆయుధము ధరించినవాని యెదుట మాటాడకుండుట భయము బలిమిని తీసికొనినది. చనిపోయినవాని భార్యను పలుకరింపకుండుట, అతని పిల్లలను అరుగు దిగి పొమ్మనుట, విన్న నిందను నిజమో కాదో యెరుగక మరొకరికి చెప్పుట – వీనిని పెక్కుసార్లు భయము అడుగనైన అడుగలేదు. మనిషియే ముందుగా సమర్పించెను. భయము అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చినచోట దోషము మొదలగును.

శరణుల చరిత్రయు ఈ విషయమున కఠినమైన పాఠమే చెప్పుచున్నది. హరళయ్య, మధువరసుల ఇండ్ల వియ్యమును సహింపక బిజ్జలుడు వారిని క్రూరముగా దండించెనని సంప్రదాయము చెప్పును. ఒక్కని దండించి అందరిని లొంగదీయు పద్ధతియే అది. ప్రతిగా శరణులలో కొందరు కత్తి పట్టి బిజ్జలుని వధించిరనియు, పిమ్మట కల్యాణము చిన్నాభిన్నమై శరణులు చెల్లాచెదరైరనియు అదే సంప్రదాయము దాచక చెప్పుచున్నది. భయమునకు విరుగుడు ప్రతిభయము కాదని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? శరణులు లోకమునకిచ్చిన విరుగుడు అనుభవ మంటపము. అచ్చట అల్లమప్రభువు అధ్యక్షతన స్త్రీపురుషులు, అన్ని కాయకములవారు కూర్చుండి నిర్భయముగా తర్కించిరి. నలుగురు కలిసి మాటాడుకొను చోటు భయమునకు కంటగింపు.

ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు. 1997లో విశ్రాంత అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వమున పౌర స్పందన వేదిక ప్రభుత్వ హింసను, నక్సలైట్ల హింసను ఒకే గొంతుతో ప్రశ్నించెను. 2004 అక్టోబరులో హైదరాబాదున జరిగిన చర్చలకు ఆ కృషి తోడ్పడెను. చర్చలు నిలువలేదు, 2005 ఆరంభముననే భగ్నమయ్యెను. అయినను ఇరువురిలో ఎవరికిని దాసులు గాకుండ ఇరువురిని అడుగవచ్చునని అది చూపెను.

ఆ రోజులు గడచినవి. భయము మాత్రము వేషము మార్చుకొని మరల రాగలదు; ఒకనాడు మతము పేర, ఒకనాడు కులము పేర, ఒకనాడు పేదల పేర. కావున మఠములును గృహస్థులును చేయవలసినది ముందే చేయవలయును. ఊరిలో అందరు కూర్చుండు అరుగు ఎండిపోనీయరాదు. ఒకనిపై నింద పడిన దినమున, అది నిజమో అబద్ధమో తేలుటకు ముందే, అతని పిల్లల ఆకలి తీర్చుటకు ఒక ఇంటి నుండియైన అన్నము పోవలయును. ఆ దాసోహమునకు ధైర్యము కొంచెము చాలును. ఆ కొంచెము నలుగురిలో ఉన్నచో ఊరు భయమునకు దక్కదు.