మాకీరు ఇల్లు



మెఫీబోషెతు దావీదు రాజు బల్లయొద్ద భోజనము చేసిన సంగతి నీవెరుగుదువు. అంతకు ముందు అతడు ఎవరి యింట నుండెనో ఎప్పుడైన తలంచితివా? ఐదేండ్ల ప్రాయమున పడి రెండు కాళ్లును కుంటివైన ఆ యోనాతాను కుమారుడు, లోదెబారులో మాకీరు ఇంట నుండెను (2 సమూయేలు 9). రాజ్యము పోయిన కుటుంబపు బిడ్డను, అందులోను నడువలేనివానిని, ఇంట నుంచుకొనుట లాభమైన పని కాదు. అందుకు మాకీరు పొందిన ప్రతిఫలమేదియు లేఖనములో వ్రాయబడలేదు.

నేడు అట్టి ఇల్లు వెదకువారు మనలోనే యున్నారు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ స్థాపింపబడెను. తలిదండ్రులు దూరపు ఊళ్లనుండి బిడ్డలను అచ్చటికి తీసికొని వత్తురు. శిక్షణకై కొంతకాలము నిలువవలసినవారికి, దగ్గరలోని అల్వాల్ వంటి చోట అద్దె గది కావలెను. గది చూపినవారే బిడ్డను చూచిన పిమ్మట మాట మార్చిన యెడల, ఆ తల్లి ఎక్కడికి పోవలెను?

ఇట్టివారికి ఇల్లిచ్చు యజమానికి ఇంటి పన్ను కొంత తగ్గించుట న్యాయమా? ఇది ఆలోచింపదగిన ప్రశ్న. 2007లో మహానగర పాలనలో కలిసిన అల్వాల్‌లో, ఇంటికి రాగల అద్దెనుబట్టి పన్ను కట్టుదురు, కట్టువాడు యజమాని. గడప తీసి వాలుదారి కట్టించినను, చక్రాల కుర్చీ పట్టునట్లు తలుపు వెడల్పు చేసినను, స్నానపుగదిలో పట్టుకొను కడ్డీ పెట్టించినను, ఖర్చు అతనిదే. ఆ భారమును ఊరంతయు పంచుకొనుట న్యాయమే. ఇంగ్లాండులో వికలాంగుని అవసరమునకై అదనపు స్నానపుగది గాని, చక్రాల కుర్చీ తిరుగు చోటు గాని యున్న ఇంటికి స్థానిక పన్ను ఒక మెట్టు తగ్గింతురు. అచ్చట సాధారణముగా ఇంట నివసించువారే ఆ పన్ను కట్టుదురు గనుక మేలు వారికే చేరును. మనయొద్ద తగ్గింపు యజమాని సంచిలోనే నిలిచి, అద్దె మాత్రము తగ్గనియెడల, వికలాంగుని పేరు చెప్పి మరియొకడు లాభము పొందినట్లే.

మరియొక అపాయము కలదు. పన్ను తగ్గినందుననే తెరచిన తలుపు, తగ్గింపు ఆగిననాడు మూయబడును. ఖర్చులో సాయము న్యాయము. మనస్సుకు వెల కట్టరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, అందరితో కలిసి సమాజములో జీవించుట వారి హక్కని చెప్పుచున్నది. హక్కును భిక్షగా ఇచ్చుటకు మనమెవరము?

చదువరీ, ఈ మాట మొదట మన సంఘమునకే తగులును. హైదరాబాదునకు వర్తించు 1955 నాటి మునిసిపల్ చట్టము, కేవలము ఆరాధనకే వాడు కట్టడములకు పన్ను మినహాయించినది. అనగా పన్ను ఉపశమనమును మనము ఇదివరకే అనుభవించుచున్నాము. మన వంతు భారమును ఊరు మోయుచున్నది. అట్టి మన గుడి వాకిట వాలుదారి యున్నదా? లేక కుంటివాడు మెట్ల క్రిందనే నిలిచి పాటలు వినుచున్నాడా?

సంఘ పెద్దలారా, ఈ నెలలోనే ఆ మెట్లను చూడుడి. అద్దెకిచ్చు గది గల సహోదరుడా, బిడ్డను చూచి మాట మార్చకుము. ప్రభుత్వము పన్ను తగ్గించిన మంచిదే, అడుగుట తప్పు కాదు. అయితే ఆ ఉత్తరువు వచ్చువరకు ఆ తల్లిని వీధిలో నిలువబెట్టకుము. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.