దోషనిదానము

చెడినదానిని బాగుచేయించుకొన్న పిమ్మట అది మఱల మొరాయించినచో మన చూపు మొట్టమొదట బాగుచేసినవాని చేతులమీదికే పోవును. ఇది లోకసహజము. సహజమైనంతమాత్రమున న్యాయ్యమగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరకినది కాదు. ఒక పాత కారు ఇంజను వలన కలిగినది.

నాయొద్ద పెట్రోలు అంబాసిడరు ఒకటి కలదు. ఆ జాతి బండ్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. నాది ఆయిలు త్రాగుటయు పొగ విడుచుటయు మితిమీరగా మా పట్టణమున ఒక షెడ్డులో ఇచ్చి ఓవరాలింగు చేయించితిని. సిలిండర్లు బోరు చేసిరి. పిస్టన్లు, రింగులు క్రొత్తవి వేసిరి. హెడ్డు విప్పి వాల్వులు నూరి కూర్చిరి. బండి ఇంటికి వచ్చిన దినమున ఇంజను నడచుచున్నదో లేదో చెవియొగ్గి వినవలసినంత నెమ్మదిగా నుండెను. రెండు నెలలు గడచిన పిదప దానికి క్రొత్త వ్యాధి పట్టినది. ఉదయము చల్లగానున్నప్పుడు చక్కగా నడచును. అరగంట తిరిగి వేడెక్కి, ఏ కూడలియందో నిలిచినంతనే చలిజ్వరము వచ్చినవానివలె వణకును. దీనినే షెడ్లలో మిస్సింగు అందురు. వేగముగా పోవునప్పుడు అంతగా తెలియదు.

ఆ షెడ్డులో మేస్త్రీ క్రింద పనిచేయు కుఱ్ఱవాడొకడు కలడు. మూడేండ్ల క్రిందట నా తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండెడివాడు. పదవ తరగతి నడుమ చదువు మానెను. వాల్వులు నూరినది వాడే యని నేనెఱుగుదును. పోయిన వెంటనే, "వీనిచేత చేయించితిరి కనుకనే యిట్లయినది" అని పదిమంది యెదుట అంటిని. వాడు తల వంచుకొనెను. మేస్త్రీ మాత్రము, "ముందు చూద్దాం మేష్టారూ" అనెను.

నా మాటలోని తర్కమెంత? బాగుచేసిన తరువాత చెడినది, కావున బాగుచేయుటచేతనే చెడినది. కాకి వ్రాలెను, తాటిపండు రాలెను. కావున కాకియే పండును రాల్చెను. పిల్లలకు కాకతాళీయన్యాయమును బోధించుచు నేనెన్నిమార్లు నవ్వించితినో! ఒక్కటి మాత్రము నా పక్షమున చెప్పుకొనవచ్చును. కడపట చేయిపడినచోటినే మొదట పరీక్షించుట మంచి మెకానిక్కులందఱు పాటించు పద్ధతి. అయితే మొదట ఎక్కడ వెదకవలెనన్న ప్రశ్న వేఱు, మొదట ఎవనిని దండింపవలెనన్న ప్రశ్న వేఱు. నేను రెండవదానికి బదులు చెప్పి మొదటిదానికి చెప్పితినని యనుకొంటిని.

మేస్త్రీ వెదకిన తీరు చూడదగినది. ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, ప్లగ్గు తీగలను ఒకదాని తరువాత ఒకదానిని ఊడదీసి మఱల తగిలించెను. మొదటి, రెండవ, నాల్గవ తీగలు ఊడదీసినపుడెల్ల ఇంజను స్వరము కుంగినది. మూడవది తీసినను మార్పులేదు. పనిచేయనివాడు సెలవు పెట్టినను కార్యాలయమునకు తెలియదు కదా! మూడవ సిలిండరు ప్లగ్గును రెండవదానికి మార్చిచూచెను. దోషము ప్లగ్గు వెంట పోలేదు. తీగను మార్చినను అంతే. పిమ్మట గేజి పెట్టి చూడగా మూడు సిలిండర్లయందు చదరపుటంగుళమునకు 130 పౌనుల ఒత్తిడి కనబడినది. మూడవదానియందు 80 మాత్రమే. అందులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మఱల చూచెను. రింగులు అరిగియున్నచో ఆయిలు సందులను కప్పుటచేత ఒత్తిడి పెరుగవలయును. పెరుగలేదు. కనుక రింగులు నిర్దోషులు. గాలి పోవునది వాల్వు వద్ద.

1843లో జాన్ స్టూవర్ట్ మిల్లు తన తర్కగ్రంథమున విస్తరించి చెప్పిన భేదపద్ధతియు, మన నైయాయికుల అన్వయవ్యతిరేకములును, ఆ నూనెచేతులయందు పేరులేకుండ పనిచేయుచుండెను. ఒకటి మార్చుము, తక్కినవాటిని కదల్పకుము, ఏమగునో చూడుము. వాడొక్కసారియైనను రెండు మార్పులు కలిపి చేయలేదు.

పైమూత విప్పి ఫీలరు గేజి చేతబట్టెను. వాల్వు కాడకును, దానిని నొక్కు రాకరుకును నడుమ 0.015 అంగుళము సందుండవలెనని వాని లెక్క. మూడవ సిలిండరు పొగవాల్వువద్ద అన్నిటికంటె పలుచని రేకు సైతము దూరలేదు. క్రొత్తగా నూరిన వాల్వు నడకలో తన పీటయందు ఒదిగి కూర్చుండును. ఒదిగినకొలది కాడ పైకి వచ్చి సందు తగ్గును. వేడెక్కినపుడు కాడ మఱింత సాగును. అప్పుడు వాల్వు పూర్తిగా మూసికొనదు. నొక్కబడిన గాలి ఆ దారిన జాఱిపోవును. చల్లారినపుడు మఱల మూసికొనును. ఇట్లే మఱికొన్ని వారములు నడచినచో పీటను తాకి చల్లబడుటకు వీలులేక వాల్వు అంచు మాడిపోయెడిది.

"అందుకే తిరిగాక ఒకసారి తెమ్మంటాం" అని మేస్త్రీ కుఱ్ఱవాని వంక తిరిగి, "మేష్టారికి చెప్పలేదుట్రా నువ్వు?" అనెను.

వాడు పలుకలేదు. చెప్పియుండెను. తాళములు నా చేతికిచ్చుచు, "ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి మేష్టారూ, ట్యాపెట్లు మళ్లీ చూడాలి" అనినాడు. నేను సరేయని తల యాడించితిని, పిల్లలు చెప్పుదానికి పెద్దలు తల యాడించునట్లు. రెండువేలు దాటినది. మేస్త్రీయే చెప్పినచో కాగితముపై వ్రాసికొనియుందును.

మేస్త్రీ ఎనిమిది వాల్వులను ఒక్కొక్కటిగా సరిచేయువఱకు నేను మౌనముగానుంటిని. "చెప్పినాడు, నేనే మఱచితిని" అని పలుకుటకు నాకంత కాలము పట్టినది. నిందకు క్షణము చాలినది.

న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు, ఉన్నదున్నట్లు ఎఱిగి, ఎఱిగినదానిని చెప్పగోరువాడే ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యనియు చెప్పినాడు. ఈ మాటను నేను సభలలో గర్వముతో ఉదాహరించితిని. మన ప్రాచీనుల ఔదార్యమున కిది నిదర్శనమంటిని. వాల్వు విషయమున ఆ షెడ్డులో ఆప్తుడు నా పూర్వశిష్యుడు. పరీక్ష తప్పినవాడు, చొక్కా మాసినవాడు. వాని వాక్యము నాకు ప్రమాణము కాలేదు. నేను తరచుగా ఎగతాళిచేయు ఛాందసుడైనను ఇంతకంటె ఏమి చేసియుండును?

చీటీపై వ్రాసియిచ్చియుండవలసినది కుఱ్ఱవాడే యనియు, ఫోను చేయవలసినది మేస్త్రీ యనియు నా మిత్రుడొకడు నన్ను ఓదార్చెను. తిలాపాపము తలా పిడికెడు! పాలు పంచుకొనుటకు ఇది మంచి సామెతయే. కాని పంచువాడు ఎప్పుడును పెద్దవాడే యగుట నాకు నచ్చలేదు. వ్రాసియిచ్చుట మేలే. వినుట నా పని.

ఇంటియందును సంఘమునందును మనము చేయు మరమ్మతులకు సైతము ఇట్టి నిదానమే కావలెను. ఒక ఆచారమును మార్చితిమి. ఆఱునెలలకు ఇంట వణకు పుట్టినది. పాతవారు మార్పునే నిందింతురు, మనము పాతమురికిని నిందింతుము. క్రొత్తగా కూర్చిన భాగములు ఒదిగినవా, ఎక్కడ సందు లేకపోయినదని వేడిమీద విప్పిచూచినవారు తక్కువ. క్రొత్తకోడలు, క్రొత్తగా ఉద్యోగమునకు పోవుచున్న కూతురు, ఏదో యొకమాట మెల్లగా చెప్పియే యుందురు.

క్షమాపణ యెక్కడ చెప్పవలెనన్న సందేహము మిగిలినది. నింద పదిమంది యెదుట వేసితిని. తప్పొప్పుకొన్నప్పుడు మేస్త్రీయు కుఱ్ఱవాడును మాత్రమే యుండిరి. లెక్క సరిపోలేదు. మఱునాడు సాయంకాలము, షెడ్డు నిండుగా నుండువేళ, మఱల పోయి చెప్పితిని. కొందఱు నవ్విరి. కుఱ్ఱవాడు సిగ్గుపడి, బండివైపు చూచి, "ఇప్పుడు మీటరెంతుంది మేష్టారూ?" అని యడిగెను. చెప్పితిని. దానికి ఎనిమిది వందలు కలిపి చీటీపై వ్రాసి, స్టీరింగు ప్రక్కన అంటించెను.