స్థల ప్రభావము - శరణుని బాధ్యత

మానవుడు పతనమగుట తన మనోదౌర్బల్యము చేతనా, తాను అడుగుపెట్టిన చోటు చేతనా? నగరములలో చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచునున్న యువకులు వారాంతములందు పబ్బులకు, నైట్ క్లబ్బులకు పోవుట సాధారణమైన ఈ కాలమున లింగవంతుల గృహములలో సైతము ఈ ప్రశ్న వినవచ్చుచున్నది. "మావాడు మంచివాడే, ఆ చోటు చెడ్డది" అని తల్లి అనును. "చోటు చేయి పట్టి త్రాగించినదా?" అని తండ్రి అడుగును. ఇరువురి మాటలోను సత్యము కలదు. ఎవరి మాటలో ఎంత కలదో విచారింపవలసి యున్నది.

ముందుగా తల్లి మాట. క్లబ్బు లోపలి అమరికను గమనించినచో అచ్చట ఊరక ఏర్పడినది మిక్కిలి తక్కువయని తెలియును. వెలుపలి వెలుతురు లోనికి రాదు. గోడమీద గడియారము కానరాదు. సంగీతము ఎంత బిగ్గరగా నుండుననగా ప్రక్కవాని మాట వినబడదు. మాటకు పనిలేని నోటికి గ్లాసే పనియగును. ఆసనములు కొద్ది గనుక గ్లాసు క్రింద పెట్టుటకు తావుండదు. చేతిలోనున్నది పెదవులకు చేరుచునే యుండును. నృత్యము వలన దాహము పుట్టును. ఎల్లరును త్రాగుచున్నచోట త్రాగనివాడే వింత మనిషిగా కనబడును. ఇంటిలో ఒక గ్లాసునకే చాలుననువాడు అచ్చట నాలుగవదానికి లెక్క మరచుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున 1982లో 'హాసియెండా' అను క్లబ్బు తెరువబడినది. ఒక రికార్డుల సంస్థయు, 'న్యూ ఆర్డర్' అను సంగీత బృందమును దానికి ధనము సమకూర్చినవి. తొలి సంవత్సరములలో పెక్కు రాత్రులు ఆ విశాలమైన శాల వెలితిగానే యుండెడిది. 1980ల చివర 'ఎక్‌స్టసీ' అను మాత్ర ఆ నగరమున వ్యాపించినది. దానిని మ్రింగినవారు గంటల తరబడి అలసట యెరుగక నృత్యము చేసిరి, క్లబ్బు క్రిక్కిరిసినది. విచిత్రమేమనగా, జనము పెరిగినను మద్యపు అమ్మకము పెరుగలేదు. మాత్ర మ్రింగినవానికి బీరుపై కోరిక యుండదు, మంచినీరు కావలెను. లాభము మాత్రలమ్ము ముఠాలకు పోయినది. వారి వెంట తుపాకులును వచ్చినవి. 1989లో పదునారేండ్ల బాలిక అచ్చట ఆ మాత్ర మ్రింగి కుప్పకూలి మరణించినది. 1997లో క్లబ్బు మూతపడినది. పిదప ఆ కట్టడమును కూల్చి నివాసగృహములు కట్టిరి.

గోడలు మారలేదు, మత్తు మారినది. కావున చోటు అనగా గోడలు మాత్రమే కావు. వెలుగు, ధ్వని, జనము, అమ్ముడగు వస్తువు, అమ్మువాని ఆశ కలిసి యేర్పడిన సంగమే చోటు. ఆ ఆశ ఎంతదూరము పోవునో నీటి కథ చెప్పును. ఎక్‌స్టసీ వలన ఒంటివేడి ప్రాణాపాయమగునంతగా పెరుగవచ్చును. అట్టివేళ బ్రిటనులోని కొన్ని క్లబ్బులవారు చన్నీటి కుళాయిలు కట్టివేసి నీళ్లసీసాలు అమ్ముకొనిరి. మద్యము విక్రయించుచోట అడిగినవారికి కుళాయినీరు ఉచితముగా నీయవలెనని ఇంగ్లండు, వేల్సులలో 2010లో నిబంధన చేయవలసి వచ్చినది. దప్పిగొన్నవానికి నీరిచ్చుటకును చట్టమే!

చోటు బలమునకు యుద్ధభూమి నుండియు ఒక నిదర్శనము కలదు. వియత్నాము యుద్ధము నుండి 1971లో మరలిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు పరిశీలించినది. అచ్చటనుండగా ఇంచుమించు ఐదుగురిలో ఒకరు హెరాయిను మొదలగువానికి బానిసలైరి. ఇల్లు చేరిన మొదటి సంవత్సరమున వారిలో మరల బానిసలైనవారు నూటికి ఐదుగురు మాత్రమే. మనుష్యులు వారే, చుట్టునున్న లోకము మారినది.

ఇంతటితో తల్లి మాటయే గెలిచినదనుకొనరాదు. వీరశైవుని విషయమున తండ్రి ప్రశ్నకు మిక్కిలి పదును కలదు. ఇతరులకు గుడి ఒకచోట, బజారు ఒకచోట. ఇష్టలింగధారికి అట్టి విభజన లేదు. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా నెంచెను; ఆ దేవాలయము క్లబ్బు మెట్లును ఎక్కును. "చోటు నన్ను చెరచినది" అనువాడు లింగమును వాకిట విడిచి లోనికి పోయితినని చెప్పినట్లే. షట్స్థలములందలి స్థలము సైతము భూమిపైని చోటు కాదు, భక్తుని అంతఃస్థితి.

అయినచో ఆ బసవేశ్వరుడే కల్యాణ నగరమున శరణులను అనుభవ మంటపమున ఏల సమావేశపరచెను? చోటునకు, సంగమునకు బలము లేనిచో ఎవరి యింట వారు లింగపూజ చేసికొనిన చాలును గదా! సంగము మనిషిని మలచునని యెరిగినందుననే ఆయన మంచి సంగమును నిర్మించెను. ఈ ఎరుకయే బాధ్యతకు మూలము. నాలుగవ గ్లాసు వద్ద వివేకమును వెదకుట వృథా. ఆ వేళకు అది యుండదు. ఏ చోటికి పోవుచున్నాడో, ఎవరితో పోవుచున్నాడో నిర్ణయించుకొనునపుడు అది పూర్తిగా ఉన్నది. విచారింపదగినది ఆ క్షణమే.

బాధ్యత పోవువానితో ముగియదు. చోటును నిర్మించినవాని కాయకమునకును సంబంధించినది. ఇచ్చట హెండద మారయ్య స్మరణీయుడు. కన్నడమున హెండయనగా కల్లు. కల్లు విక్రయించుట వృత్తిగాగల ఈయన, త్రాగవచ్చినవారికే త్రాగుడులోని కీడును బోధించిన శరణుడని సంప్రదాయము చెప్పును. అమ్మువాడే వారించిన ఆ అంగడిని, కుళాయి కట్టివేసిన క్లబ్బును ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను.

ఇక సమాజము మాట. హైదరాబాదులోనో బెంగుళూరులోనో హాస్టలు గదిలోనుండు యువకుడు శనివారము సాయంకాలము ఎచ్చటికి పోవలెను? వానికి నలుగురితో కలిసి నవ్వవలెనని, పాడవలెనని యుండును. అది దోషము కాదు. ఆ వేళకు మఠములయందు వానికొరకు తెరచియుంచిన తలుపు ఏది? పండుగలకు, పూజలకు రమ్మని పిలుచుటయే కాని, ఊరక వచ్చి కూర్చుండి మాటలాడుకొమ్మని పిలిచినవారెందరు? పైగా కొన్ని వివాహములలో 'సంగీత్' పేరిట క్లబ్బే కల్యాణ మంటపమునకు తరలివచ్చుచున్నది. అవే దీపములు, అదే చప్పుడు, వెలుపల కార్ల చాటున సీసాలు. ద్వారముపైన బసవేశ్వరుని పటము. ఆ రాత్రి ఖర్చును చెల్లించువాడు, చోటు చేయి పట్టి త్రాగించినదా యని అడిగిన ఆ తండ్రియే.