ఇచ్ఛామరణం అంటే చావును కోరుకోవడమేనా?

ఇచ్ఛామరణ వరం ఉన్న భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఆగాడు. ఆఖరి దాకా తనకేం కావాలో తనే చెప్పుకోగలిగాడు. వెంటిలేటర్ మీదున్న మనిషికి ఆ అవకాశం ఉండదు.

2004 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే, కండరాల క్షీణత జబ్బుతో చివరి దశలో ఉన్న 25 ఏళ్ల కె. వెంకటేశ్, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానన్నాడు. తల్లి సుజాతగారు హైకోర్టుకెళ్లారు. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ నెలలోనే అతను పోయాడు.

అలాంటి కోరికకు ఇప్పటికీ చట్టంలో చోటు లేదు. కానీ కోలుకునే ఆశ లేనప్పుడు మిషన్లతో ప్రాణం సాగదీయొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. అదే లివింగ్ విల్. 2023లో పద్ధతి తేలికైంది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. అమలు చేసేముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి.

మెట్టుగూడలో మా ఇంట్లో ఈ మాటెత్తితే అమ్మ "అపశకునం మాటలొద్దురా" అంది. నాకు మాత్రం ప్రాణం తీయడం వేరు, వెళ్లే ప్రాణాన్ని పట్టి ఆపకపోవడం వేరు అనిపిస్తుంది. నేను రాయకపోతే "ఇక చాలు" అనే మాట అమ్మ నోటి నుంచే రావాలి. కన్నతల్లి మీద ఆ భారం వేయడం ధర్మమా?