తోడివారెవరు?

ఒక యూరిలో దీపము వెలిగినంతమాత్రమున పొరుగూరి దీపము మలుగదు. ఇది పసిబిడ్డకును దెలిసిన సంగతి. కాని కళాసంఘములను నడపు మావంటి పెద్దలు దీనిని యేటేట మరచుచు, యేటేట మరల నేర్చుకొనవలసి వచ్చుచున్నది. ఉత్సవములు జరుపు సంఘములు తమ తోడి సంఘములతో నెట్లు మెలగవలెనను ప్రశ్న పైకి వ్యవహారప్రశ్నగా గాన్పించును. విచారించి చూడగా నిది ధర్మప్రశ్నయే యని మాకు దోచినది. మాకీ పాఠమెట్లబ్బినదో మొదట చెప్పుట న్యాయము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని పట్టణములు. 2016 లో జిల్లాలను విభజించినప్పుడు మొదటి రెండును సూర్యాపేట జిల్లాలో జేరినవి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. సరిహద్దు మారినను నాటకమును జూచి చప్పట్లు గొట్టు చేతులు మారలేదు. సాయంకాలము బస్సెక్కినవాడు ఆట మొదలగునప్పటికి పొరుగు పట్టణమునకు జేరగలడు.

కొన్నేండ్ల క్రిందట మేమొక చిన్న కళాసంఘమునకు కార్యదర్శులమై యుంటిమి. పొరుగు పట్టణమువారు మాఘమాసమున మూడు దినములు ప్రదర్శనలు ప్రకటించిరని తెలిసియు, మేము నా దినములనే మా యుత్సవమును ప్రకటించితిమి. 'మనమేల తగ్గవలె'నని సభ్యులనిరి. మేమును వారితో గొంతు గలిపితిమి. రెండుచోట్లను ఒకే రాత్రికి పిలువబడిన చిందు యక్షగాన బృందమొకటి కలదు. ఆ బృందపు పెద్ద మా యింటికి వచ్చి, అరుగుమీద గూర్చుండుమన్నను గూర్చుండక, 'సారూ, మీ ఆట ఒక్క దినం ఎనుకకు జరుపుండ్రి. రెండు ఊర్లల్ల ఆడితె పిల్లలకు నాలుగు పైసలు మిగుల్తయి' అని యడిగెను. ఆహ్వానపత్రములు అచ్చయిపోయినవని మేము బదులు చెప్పితిమి. అది నిజమే, కాని కారణము మాత్రమది కాదు. ఆ బృందమున కొక రాత్రి సంపాదన పోయినది. మా కుర్చీలు సగము ఖాళీగా నుండెను. పొరుగువారివియు నట్లే యుండెనని తరువాత వింటిమి.

మన పెద్దలు సుందోపసుంద న్యాయమని యొకటి చెప్పుదురు. అన్నదమ్ములిద్దరు ఇతరులచేత చావని బలము సంపాదించి, తిలోత్తమ కొఱకు ఒకరినొకరు చంపుకొనిరి. మా రెండు సంఘముల మధ్య తిలోత్తమ యెవరు? ధనము కాదు, ఇరువురకును లేదు. 'మొదటివారు' అను పేరు మాత్రమే. ద్వేషముచేత గాక, రెండవవార మగుదుమను భయముచేతనే మేమా పని చేసితిమి. సంఘములలోని వైరములు పెక్కింటికి మూలమీ భయమే యని మా నమ్మకము.

పోటీ లేనిదే కళ పెరుగదు గదా యని కొందరందురు. వారి మాటలో సత్యము కలదు. 1929 లో తెనాలిలో బుట్టిన నాటక కళాపరిషత్తు పోటీలు పెట్టియే తెలుగునాట నాటక సమాజములకు చురుకు పుట్టించినది. అయితే పోటీపడుటకు వారు ఒక్క వేదికకు రావలసి వచ్చెను. ఒకే దినపట్టికను, ఒకే న్యాయనిర్ణేతలను, ఒకే నిబంధనలను అంగీకరింపవలసి వచ్చెను. కాబట్టి పోటీకి సైతము ముందుగా పొత్తు కావలెను. పందెము రంగస్థలముమీద నుండవలెను గాని పంచాంగములో నుండరాదు.

పొత్తు కలిసినచో పెద్ద సంఘము చిన్నదానిని మ్రింగునని మఱికొందరి భయము. పొత్తు వేఱు, విలీనము వేఱు. 1947 లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున గొప్ప కళోత్సవము మొదటిసారి జరిగినప్పుడు, పిలువని యెనిమిది నాటక బృందములు వచ్చి తమంతట తామే ప్రదర్శనలిచ్చినవి. ఆ పిలువని పేరంటమే పెరిగి నేడు లోకప్రసిద్ధమైన మఱియొక యుత్సవమైనది. ఒకదానిలో నొకటి కలిసిపోలేదు. ఒకే నగరమున, ఒకే ఋతువున, రెండు నిర్వాహక సంఘములు, రెండు పద్ధతులు. ఒకదానికై వచ్చినవాడు రెండవదానిని గూడ జూచి పోవుచున్నాడు.

దూరదేశపు మాట యేల? మన నేలమీదనే మంచి మాదిరి యున్నది. నిజాము రాష్ట్రమున ఆంధ్రమహాసభ 1930 లో జోగిపేటలో సమావేశమైనది. మఱుసటి యేడు దేవరకొండలో, తరువాత ఖమ్మము, సిరిసిల్ల మొదలగు చోట్ల. 1941 లో మన కోదాడ చెంతనున్న చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగినది. ఒకప్పుడు విస్తళ్లు వేసిన యూరివారు మఱొకప్పుడు మఱొక యూరి పందిట విస్తరిముందు గూర్చుండిరి. వంతులవారీగా ఆతిథేయులగుటయే అహంకారమునకు మందు. అయితే 1944 లో భువనగిరి సభనాటికి ఆశయములే వేఱగుటచే నా మహాసభ చీలిపోయినది. దీనివలన నింకొక పాఠము: ఆశయమొకటి కానిచోట మర్యాదలెన్ని యున్నను పొత్తు నిలువదు. కాబట్టి అన్నింటను ఒకటి కావలెనని యాశింపక, నిజముగా నొకటియైన పనియందే చేతులు కలుపుట వివేకము.

సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టుమీద రెండేండ్లకొకసారి జరుగు లింగమంతుల జాతరను జూడుడు. కేసారమునుండి దేవరపెట్టె రావలెను. ఎవరి విధిని వారు నెరవేర్పవలెను. ఒకరి వంతు లేనిదే యింకొకరి వంతు సాగదు. అక్షరాభ్యాసము లేనివారు గూడ తరతరములుగా నడపిన యీ కూర్పు, చదువుకొన్న మా సంఘములకు సాధ్యము కాదా?

సాధ్యమే, కాని కొన్ని చిన్న త్యాగములు చేయవలెను. మూడు పట్టణముల సంఘములును సంవత్సరారంభమున నొకచోట గూడి, మొదట తేదీలు నిర్ణయించుకొనవలెను. ధనము మాట పిమ్మట. విజయవాడనుండియో హైదరాబాదునుండియో వచ్చు బృందము ఒక్క ప్రయాణములో మూడు రాత్రులు మూడు చోట్ల నాడినచో, దారి ఖర్చు మూడు భాగములగును, కళాకారునకు మూడు రాత్రుల వేతనము దక్కును. ఉమ్మడి జమాఖర్చులు వ్రాతలో నుండి అందరికిని జూపబడవలెను. నోటిలెక్కవలన చెడిన స్నేహములు మేమెన్నియో యెఱుగుదుము. ఆహ్వానపత్రమున పేర్ల వరుస యేటేట మారవలెను. పాఠకులు నవ్వవచ్చును గాని, మన సంఘములు పెక్కు విడిపోయినది సిద్ధాంతములవలన గాదు, ఆ వరుసవలననే.

స్నేహము లాభమునకు, సంతోషమునకు, గుణమునకు నని మూడు విధములని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు చెప్పెను. తెరలు, మైకులు ఎరువిచ్చుకొను పొత్తు మొదటి తెగలోనిది; తెర చినిగిన దినమున నదియు చినుగును. పని మేలును గోరి కలిసినవారి పొత్తే నిలుచును.

ఇంతకును తోడివారనగా నెవరు? ఇదియే మేము ఆలస్యముగా నేర్చిన పాఠము. పొరుగు సంఘపు కార్యదర్శియే మాకు సమానుడని యింతకాలము తలచితిమి. స్త్రీల సమాజమును ముగ్గులకును ఫలహారములకును బిలిచి, దానినే సహకారమనుకొంటిమి. కార్యక్రమము నిర్ణయించు దినమున వారిని బిలిచినప్పుడే యది సహకారము. ఇక మా యరుగు చెంత నిలువబడి మాటాడిన యా పెద్దయో? ఆయన బృందము తాతలనాటిది. మా సంఘమునకు పట్టుమని పదేండ్లు లేవు. విద్యలో, వయస్సులో, అనుభవములో పెద్దయైన యా సంస్థను మేము సంస్థగా నెంచనేలేదు, కూలికి వచ్చినవారనుకొంటిమి. ఆయన కూర్చుండకపోవుట వినయమని నాడు తలచితిమి. మేమాయనను సమానునిగా నెంచలేదని ఆయనకు దెలియుటయే కారణమని నేడు తోచుచున్నది.

సాగరు ఎడమకాలువ క్రింది రైతు నడిగిన నొక మాట చెప్పును: ఎగువవాడు తూము మూసినప్పుడే దిగువ మడికి నీరు. అందరకును అందవలెనన్న నెవరో యొకరు మొదట తమ తూము మూయవలెను. ఈ యేడు తేదీలు నిర్ణయించు సమావేశమునకు ఆ బృందపు పెద్దను గూడ బిలువవలెనని మా సంఘమున ప్రతిపాదింపనున్నాము. ఆయన వచ్చినచో, ఈసారి ముందుగా కుర్చీ వేసి, ఆయన కూర్చున్న పిమ్మటనే మేము కూర్చుందుము.